అడ్డపొగ తాగే ఊళ్లో నోటి పరీక్ష: ఏం చూడాలి, ఎవరిని ఎక్కడికి పంపాలి?

కొబ్బరితోట | సోమవారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో సముద్రం ఒడ్డున ఉన్న ఓ ఊళ్లో వచ్చే నెల రెండో ఆదివారం నోటి క్యాన్సర్ పరీక్ష శిబిరం పెడుతున్నాం. 30 ఏళ్లు దాటినవాళ్లు 400 మంది దాకా ఉంటారు. పెద్ద వయసు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు బాగా ఉంది, చుట్ట ముట్టించి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకునే పద్ధతి. చేపల వేటకి వెళ్లే మగవాళ్లకి ఖైనీ, కుర్రాళ్లకి గుట్కా, వక్కపొడి పొట్లాలు.

ఒక పళ్ల డాక్టరు, ఇద్దరు హౌస్ సర్జన్లు, ఏఎన్ఎం, ఇద్దరు ఆశాలు వస్తామన్నారు. టైము ఉదయం 8 నుంచి 11 దాకా. ఇందులో అందరినీ చూడగలమా? అంగిలి మీద ఏది మామూలు, ఏది అనుమానించాల్సింది? అనుమానం వస్తే తర్వాత ఏం చేయాలి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. ప్రింటు తీసి శిబిరంలో బల్ల మీద పెట్టుకుంటాం.

అంగిలి_దీపం | సోమవారం, ఉదయం 9:15

ముందు లెక్క చూడండి. ఒక నోరు సరిగా చూసి, మెడ తడిమి, రెండు ముక్కలు రాసుకోవడానికి 5 నిమిషాలు. మూడు బల్లలు, 180 నిమిషాలు. అంటే 108 మంది, అదీ మధ్యలో ఎవరూ మంచినీళ్లకి కూడా లేవకపోతే. 400 మందిని మూడు గంటల్లో చూశామని రాసుకుంటే అందులో ఎక్కువమందికి నోట్లో టార్చి వేసి తీయడమే జరిగినట్టు. అలాంటి పరీక్ష అసలు చేయకపోవడం కన్నా చెడ్డది. "డాక్టరు చూశారు, ఏం లేదన్నారు" అన్న ధైర్యంతో మనిషి ఏడాది ఊరుకుంటాడు.

అందుకని ఊరంతటినీ పిలవకండి. ఆశాల దగ్గర 30 దాటినవాళ్ల సీబాక్ ఫారాలు (ఎవరికి జబ్బుల ముప్పు ఎంతో లెక్కగట్టేవి) ఉంటాయి. పొగాకు, మద్యం అలవాట్ల ప్రశ్నలు అందులో ఉన్నాయి. మొదటి విడతలో ఆ అలవాట్లున్న 100 మందికే చీటీలు ఇవ్వండి. మిగతావాళ్లని తర్వాత విడతల్లో చూద్దురు గాని.

ఇక అంగిలి. అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి మీద మసి, పొగాకు మరక ఉంటుంది. పుక్కిలించమని చెప్పి, తడి గాజుగుడ్డతో తుడిచాకే చూడాలి. తుడవకుండా చూస్తే గోధుమరంగు పొర కింద ఎర్ర మచ్చ దాక్కుంటుంది. కట్టుడు పళ్లుంటే తీయించండి. పై సెట్టు పెట్టుకున్న మనిషిని అది తీయించకుండా చూస్తే, చూడాల్సిన చోటే వదిలేసినట్టు.

తుడిచాక కనబడేవి ఇవి. చాలామందికి గట్టి అంగిలి అంతా తెల్లగా పాలిపోయి, కాస్త మందంగా ఉంటుంది. దాని మీద 1 నుంచి 3 మిల్లీమీటర్ల బొడిపెలు, ఒక్కోదాని నడుమ ఎర్రటి చుక్క ఉంటాయి. ఆ చుక్కలు లాలాజల గ్రంథుల నోళ్లు, వేడికి వాచి ఉంటాయి. కొందరికి రంగు బాగా నల్లబడుతుంది, మధ్యమధ్య రంగు పోయి లేత గులాబీ మచ్చలు పడతాయి. ఇవన్నీ రాసుకుని ఆరు నెలలకోసారి చూడాల్సినవి.

ఆగాల్సినది ఎర్ర మచ్చ దగ్గర. మఖమల్ గుడ్డలా మెత్తగా, అంచు తేలిగ్గా గుర్తుపట్టేలా, నొప్పి లేకుండా ఉంటుంది. తెల్ల మందంలో మధ్యన ఎర్రగా మారిన భాగం, గరుకుగా మొటిమల్లా లేచిన భాగం, అంచు గట్టిపడి పైకి చుట్టుకున్న పుండు, ముట్టుకుంటే రక్తం కారే కంతి, ఇవి కనబడితే ఆ రోజే పేరు వేరే పుస్తకంలోకి ఎక్కాలి. నొప్పి లేదు కదా అని తేలిగ్గా తీసుకోకండి. మొదట్లో చాలావాటికి నొప్పి ఉండదు, అందుకే జనం రారు.

భయపడనక్కర్లేనివీ కొన్ని ఉన్నాయి. అంగిలి నడిమధ్యలో ఎముకలా గట్టిగా, పైన చర్మం మామూలుగా ఉన్న బుడిపె చాలామందికి సహజంగా వచ్చే ఎముక పెరుగుదల. ముందు పళ్ల వెనకాల చిన్న బొడిపె అందరికీ ఉంటుంది. నాలుక మొదట్లో వరసగా కనబడే పెద్ద బొడిపెలు రుచిమొగ్గలు. కానీ నడిమధ్యలో కాకుండా పక్కకి, గట్టి అంగిలి మెత్తబడే చోట నొప్పి లేని ఉబ్బు ఉంటే, పైన చర్మం నున్నగా ఉన్నా సరే పంపండి. చిన్న లాలాజల గ్రంథుల కంతులు అక్కడే వస్తాయి.

రేకులషెడ్డు | సోమవారం, మధ్యాహ్నం 1:05

పై పోస్టుకి శిబిరం నడిపే వైపు నుంచి కొన్ని కలుపుతున్నాను.

"చుట్ట తాగుతావా మామ్మా?" అని కొడుకులు, కోడళ్ల ముందు అడిగితే లేదనే అంటారు. ఆడవాళ్లకి వేరే వరుస పెట్టి, ఆశా పక్కన కూర్చుని "రోజుకి ఎన్ని చుట్టలు అవుతాయి మామ్మా? నిప్పు లోపలా బయటా?" అని నేరుగా అంకె అడగాలి. ఏ వయసులో మొదలుపెట్టిందీ అడగండి. ఆ రెండు అంకెలూ రాయకపోతే తర్వాత డాక్టరుకి ఏమీ తెలియదు.

సామాన్లు: తలకి కట్టుకునే ఎల్‌ఈడీ లైట్లు మూడు (సెల్‌ఫోను లైటు పట్టుకుంటే ఒక చెయ్యి పోతుంది), ఒకసారి వాడి పారేసే చెక్క నాలుక పుల్లలు మనిషికి రెండు, గాజుగుడ్డ ముక్కలు మనిషికి మూడు, గ్లౌజులు మనిషికో జత. నోటి అద్దాలు వాడితే ఆటోక్లేవ్ చేసినవి (ఆవిరి యంత్రంలో శుద్ధి చేసినవి) సరిపడా తేవాలి. బకెట్లో డెట్టాల్ కలిపి ముంచి మళ్లీ వాడడం కుదరదు. పుక్కిలించి ఉమ్మడానికి మూత ఉన్న బకెట్లు. 15 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలు బల్లకొకటి, ఎందుకో కింద ఎవరో ఒకరు రాస్తారు.

కుర్చీ సూర్యుడికి ఎదురుగా వేయండి. తల ఆనించుకోవడానికి వెనక గోడ ఉండాలి. అంగిలి చూడాలంటే తల బాగా వెనక్కి వాల్చాలి, మెడ నొప్పి ఉన్న పెద్దవాళ్లు గోడ లేకపోతే వాల్చరు.

చూసే వరుస మార్చకండి: పెదాలు, రెండు బుగ్గల లోపల, చిగుళ్లకీ బుగ్గకీ మధ్య సందు పైనా కిందా, నాలుక పైభాగం, గాజుగుడ్డతో నాలుక కొస పట్టుకుని అటూ ఇటూ లాగి అంచులు చివరిదాకా, నాలుక ఎత్తించి అడుగు, గట్టి అంగిలి, మెత్తని అంగిలి, ఆఖర్న మెడ. ఒక్కో మనిషికి ఒక్కోలా చూస్తే నాలుక వెనక అంచు, నోటి అడుగు తప్పిపోతాయి. ఖైనీ పెట్టేవాళ్లని ఏ పక్క పెడతారో అడిగి ఆ సందు రెండుసార్లు చూడండి. మన దేశంలో నోటి క్యాన్సర్ ఎక్కువగా పుట్టేది బుగ్గ, చిగురు కలిసే ఆ సందులోనే.

పచ్చిమిరప | సోమవారం, సాయంత్రం 6:30

చిన్న సందేహం. చుట్ట ఎలా కాల్చినా పొగాకే కదా. నిప్పు లోపల పెడితే అంత తేడా ఏముంది? మా వైపు పెద్దవాళ్లు "గాలికి ఆరిపోదు, బూడిద చీర మీద పడదు" అని అలా కాలుస్తారనే విన్నాను.

అంగిలి_దీపం | సోమవారం, రాత్రి 8:50

పచ్చిమిరప గారూ, ఆ కారణాలు నిజమే. గాలి వీచే చోట పని చేస్తూ, చేతులు ఖాళీగా ఉంచుకుని, పెదాల మధ్య పట్టుకుని నెమ్మదిగా కాల్చొచ్చు. ఒక చుట్ట చాలాసేపు వస్తుంది. కష్టమూ అక్కడే. నోరు మూసి ఉంటుంది, నిప్పు నాలుకకీ అంగిలికీ మధ్య ఉంటుంది. లోపలి గాలి 120 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుందని కొలిచారు. లాలాజలం వల్ల చర్మం అంత వేడెక్కదు గానీ, రోజూ కాలుతూ మానుతూ ఉంటుంది. అదే సమయంలో పొగ, బూడిద, తారు నేరుగా అంగిలికే తగులుతాయి. కాలిన చోటే విషం పడుతుంది.

ప్రపంచంలో చాలాచోట్ల గట్టి అంగిలి మీద క్యాన్సర్ అరుదు. ఉత్తరాంధ్ర తీరంలో మాత్రం విశాఖ వైద్యులు దశాబ్దాల కిందటే దాన్ని తరచుగా చూసి రాశారు. శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్లు చూసిన సర్వే 1971లో అచ్చయింది. అంగిలి మీద వచ్చే మార్పులని ఆ సర్వే వివరంగా రాసింది. మన జిల్లా మామ్మల నోళ్లు చూసి ప్రపంచం నేర్చుకుంది, ఆ మామ్మల మనవరాళ్లకి మాత్రం ఆ సంగతి ఇంకా చేరలేదు. అది నన్ను బాధపెడుతుంది.

మంచి వార్త కూడా ఒకటుంది. చుట్ట మానేస్తే ఈ తెల్లదనం, బొడిపెలు చాలామందిలో తగ్గుముఖం పడతాయి. ఎర్ర మచ్చ మాత్రం మానేశాక తగ్గుతుందేమో అని ఎదురుచూసే రకం కాదు, ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించాల్సిందే.

గోలిసోడా | మంగళవారం, ఉదయం 8:10

కాదనడం నా ఉద్దేశం కాదు గానీ, ఇన్ని శిబిరాలు పెడుతున్నారు కదా, నోట్లో టార్చి వేసి చూడడం వల్ల చావులు తగ్గుతాయని ఎక్కడైనా తేలిందా? పైగా డాక్టర్లు చాలరు, అందరినీ ఎవరు చూస్తారు?

స్లైడుబల్ల | మంగళవారం, ఉదయం 10:20

తేలింది, అదీ మన పక్కనే. తిరువనంతపురం జిల్లాలో 13 పంచాయతీల్లో 1996లో మొదలుపెట్టారు. కొన్ని పంచాయతీల్లో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి 35 దాటినవాళ్ల నోళ్లు కంటితో చూశారు, మిగతా పంచాయతీల్లో మామూలుగా వదిలేశారు. చూసింది డాక్టర్లు కాదని గమనించండి. 2005లో ఫలితాలు వచ్చాయి. పొగాకు, మద్యం అలవాట్లున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. ఏ అలవాటూ లేనివాళ్లలో అలాంటి లాభం కనబడలేదు. అందుకే అంగిలి_దీపం గారు చెప్పినట్టు అలవాటున్నవాళ్లని ముందు పిలవడం సరైన పని. 15 ఏళ్ల తర్వాత మళ్లీ లెక్క చూస్తే, అలవాట్లుండి నాలుగు విడతలూ మానకుండా పరీక్షకి వచ్చినవాళ్లలో మరణాలు 81 శాతం తక్కువ.

కానీ అదే అధ్యయనంలో, అనుమానం ఉంది వెళ్లమని పంపినవాళ్లలో మూడోవంతుకి పైగా అసలు వెళ్లనే లేదు. శిబిరాలు ఓడిపోయేది ఇక్కడే. మచ్చ కనిపెట్టడం టార్చి పని. కనిపెట్టిన మనిషిని బస్సెక్కించడం అసలు పని. కొబ్బరితోట గారూ, మీ పుస్తకంలో "పంపాం" అన్న గడి పక్కనే "వెళ్లారా, ఏ తేదీ" అన్న గడి తప్పకుండా గీయండి.

ముక్క పరీక్ష గురించి ఊళ్లో ఒక మాట బలంగా ఉంటుంది: "కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది." నోటి పుండు నుంచి చిన్న ముక్క తీసినందువల్ల జబ్బు పాకదు. ముదిరిపోయి వచ్చినవాళ్లకి ముక్క తీశాక పెరిగినట్టు కనబడుతుంది, అది ముందే పెరుగుతున్నది. ఈ మాట శిబిరంలో మైకులో చెప్పండి, పక్కన కూర్చుని విడిగా మళ్లీ చెప్పండి.

ముక్క తీసేవాళ్లకి (ఇది శిబిరంలో చేయకండి, ఆసుపత్రిలోనే): 5 మిల్లీమీటర్ల పంచ్ (గుండ్రంగా ముక్క కోసే పరికరం) సరిపోతుంది. పుండు నడుమ కుళ్లిన భాగంలో తీస్తే రిపోర్టులో "చచ్చిన కణాలు" అని తప్ప ఏమీ రాయలేం. అంచున, మామూలు చర్మం కొంచెం కలిసేలా, లోతుగా తీయాలి. తెల్ల మచ్చలో ఎర్ర భాగం ఉంటే ఎర్ర భాగంలోంచే తీయండి. మత్తు సూది మచ్చ లోపల కాదు, చుట్టూ ఇవ్వాలి, లేకపోతే కణాలు ఉబ్బి స్లైడు చెడిపోతుంది. అంగిలి చర్మం ఎముకకి అంటుకుని ఉంటుంది కాబట్టి సూది బాగా నొప్పి పుడుతుంది, మనిషికి ముందే చెప్పి నెమ్మదిగా ఇవ్వండి. కుట్లు పడవు, గాజుగుడ్డతో 20 నిమిషాలు నొక్కితే చాలు.

ముక్కని 10 శాతం ఫార్మలిన్‌లో, ముక్కకి కనీసం పదింతల ద్రవంలో వేయాలి. సెలైన్లో, స్పిరిట్లో వేసి పంపినవి చాలాసార్లు పనికిరావు. పేరు సీసా మీద రాయండి, మూత మీద కాదు. మూతలు మారిపోతాయి. ఫారంలో "నోటి పుండు" అని రాస్తే చాలదు. ఎక్కడ, ఎన్ని రోజులుగా, అడ్డపొగ ఎన్నేళ్లుగా, ఇవి కావాలి.

గోలిసోడా | మంగళవారం, మధ్యాహ్నం 12:00

వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలండి. నీలం మందు పూస్తే క్యాన్సర్ ఉన్న చోట రంగు పడుతుందంటారు, అది శిబిరంలో వాడకూడదా?

స్లైడుబల్ల | మంగళవారం, మధ్యాహ్నం 2:15

టొల్యుడీన్ బ్లూ గురించి అడుగుతున్నారు. 1 శాతం ద్రావణం, ముందూ వెనకా 1 శాతం అసిటిక్ ఆసిడ్‌తో కడగాలి. ముక్క ఎక్కడ తీయాలో ఎంచుకోవడానికి నిపుణుల చేతిలో పనికొస్తుంది. ఊరి శిబిరంలో వద్దంటాను. మామూలు పుండుకి, కాలిన చోటికి కూడా రంగు పడుతుంది, అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి మీద కాలిన చోట్లకి కొదవ ఉండదు. రంగు పడలేదని అనుమానమున్న మచ్చని వదిలేసే ప్రమాదం ఇంకా పెద్దది. కంటికి అనుమానంగా ఉంటే రంగు పడినా పడకపోయినా పంపాల్సిందే కదా, మరి పూయడం ఎందుకు?

అంగిలి_దీపం | మంగళవారం, సాయంత్రం 4:40

స్లైడుబల్ల గారితో పూర్తిగా ఏకీభవించను. డెంటల్ కాలేజీలో పెద్ద తెల్ల మచ్చ మీద ముక్క తీసే చోటు వెతకడానికి అది చాలా ఉపయోగం. కానీ శిబిరానికి వద్దన్న మాట మాత్రం ఒప్పుకుంటాను.

పంపే నియమం ఇలా పెట్టుకోండి. అరిగి పదునెక్కిన పంటికి ఎదురుగా పుండు ఉంటే ఆ పన్ను నున్నగా చేయించి, చుట్ట, ఖైనీ ఆపించి, సరిగ్గా 14 రోజులకి మళ్లీ చూడాలి. మానితే సరే. మానకపోతే, సగం మానినా సరే, ముక్క పరీక్షే. ఇంకో వారం, ఇంకో ఆయింట్‌మెంటు అని సాగదీయకూడదు. మందుల షాపులో నోటిపూత జెల్లులు, స్టెరాయిడ్ పేస్టులు నెలల తరబడి పూసుకుని వచ్చేవాళ్లే ముదిరిపోయి వస్తారు. పేస్టు మంట తగ్గిస్తుంది, మంట తగ్గితే మనిషి రాడు.

14 రోజులు ఆగకుండా అప్పటికప్పుడే పంపాల్సినవాళ్లు: ఎర్ర మచ్చ, గట్టి అంచు పుండు, కంతి, మెడలో గట్టిగా కదలని బిళ్ల, కింది పెదవి లేదా గడ్డం తిమ్మిరి, ఏ చిగుళ్ల జబ్బూ లేని చోట ఒక్క పన్నే వదులైపోవడం, మింగితే చెవిపోటు, అంగిలి పుండుతో పాటు ముక్కులోంచి రక్తం లేదా తాగిన నీళ్లు ముక్కులోకి రావడం.

పళ్ల డాక్టర్లకి ఒక మనవి. చుట్టూ చిగురు గరుకుగా పెరిగిన వదులు పన్నుని ఎక్స్‌రే లేకుండా పీకకండి. పీకిన చోట గుంట మూడు వారాలైనా పూడకుండా కండ పెరుగుతుంటే అది ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు రాయకండి. క్యాన్సర్ ఉన్న చోట పన్ను పీకితే జబ్బు ఆ గుంటలోంచి ఎముకలోకి దారి చూసుకుంటుంది.

థేమ్స్_గట్టు | మంగళవారం, రాత్రి 11:30

ఇంగ్లండులో పద్ధతి కూడా చెప్తాను, పోల్చుకోవడానికి. కారణం తెలియని నోటి పుండు 3 వారాలు దాటితే క్యాన్సర్ అనుమానం కింద అత్యవసరంగా స్పెషలిస్టుకి పంపాలని అక్కడ మార్గదర్శకం. మామూలు పళ్ల చెకప్‌లోనే నాలుక, నోటి అడుగు, మెడ చూడడం భాగం. అడిగి చేయించుకోండి, సిగ్గుపడకండి.

విదేశాల్లో మన తెలుగువాళ్ల ఇళ్లలో పొగాకు లేకపోవచ్చు గానీ తీపి వక్కపొడి, స్వీట్ సుపారీ పొట్లాలు సూట్‌కేసుల్లో వస్తూనే ఉంటాయి. "పొగాకు లేదు కదా" అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం వక్కని ఒక్కదాన్నే, పొగాకు కలవకపోయినా, మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేదిగా మొదటి వర్గంలో చేర్చింది. పిల్లల చేతికి మౌత్ ఫ్రెషనర్ పేరుతో వెళ్లేది ఇదే. అక్కడి డెంటిస్టుకి "సుపారీ" అంటే తెలియకపోవచ్చు, వక్క నములుతారన్న సంగతి విడమరచి చెప్పండి.

మానుకుందాం | బుధవారం, ఉదయం 7:00

స్కేలు ఎందుకో నేను చెప్తాను. గుట్కా, వక్కపొడి నమిలే కుర్రాళ్లకి బుగ్గల లోపల చర్మం తెల్లబడి గట్టిపడి నోరు మూసుకుపోతుంది. మొదట కారం తినలేరు, బుగ్గ లోపల వేలు పెడితే తాళ్లలా తగులుతుంది, తర్వాత నోరు తెరుచుకోదు. పై ముందు పన్ను అంచు నుంచి కింది పన్ను అంచు దాకా స్కేలుతో కొలవండి. 35 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే రాసుకోండి. ఇంటి దగ్గర గుర్తు: తన మూడు వేళ్లు నిలువుగా పెడితే పట్టాలి. కుర్రాళ్లు దీనికి వెంటనే స్పందిస్తారు. క్యాన్సర్ అంటే నవ్వేవాడు, తన నోట్లో రెండు వేళ్లే పడుతున్నాయని చూస్తే నిశ్శబ్దం అయిపోతాడు.

ఈ జబ్బు ఉన్నవాళ్లని కేరళలో 17 ఏళ్లు వెంబడించి చూస్తే 7.6 శాతం మందికి క్యాన్సర్‌గా మారింది. వక్క మానేసినా గట్టిపడిన చర్మం పూర్తిగా వెనక్కి రాదు, కానీ ముందుకి పోవడం ఆగుతుంది. ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పళ్ల మధ్య పెట్టి, రోజుకి నాలుగైదుసార్లు, వారానికో పుల్ల పెంచుతూ వ్యాయామం చేయాలి. డాక్టరు దగ్గర ఇంజెక్షన్లు కూడా ఉంటాయి.

మాన్పించడం గురించి. "మానెయ్" అని చెప్పి పంపితే ఎవరూ మానరు. మొదటి 3 రోజులు చాలా కష్టం, చిరాకు, నిద్ర పట్టకపోవడం 2 నుంచి 4 వారాలు ఉంటాయి. ఇది ముందే చెప్తే మనిషి భయపడడు. పొద్దున్న లేచిన అరగంటలోపే మొదటి చుట్టో ఖైనీయో కావాల్సినవాళ్లకి అలవాటు గట్టిది, నికోటిన్ గమ్ 4 మిల్లీగ్రాములది కావాలి, మిగతావాళ్లకి 2 మిల్లీగ్రాములది. మొదటి 6 వారాలు గంటా రెండు గంటలకొకటి, తర్వాత మూడేసి వారాల చొప్పున తగ్గిస్తూ 12 వారాల్లో ఆపాలి. రోజుకి 24 దాటకూడదు.

గమ్ ఎలా నమలాలో చూపించకపోతే డబ్బులు దండగ. చూయింగ్ గమ్‌లా నమిలేస్తే నికోటిన్ కడుపులోకి పోయి ఎక్కిళ్లు, వికారం వస్తాయి, "నాకు పడలేదు" అని పారేస్తారు. నెమ్మదిగా నమిలి, నాలుకకి చురుక్కుమనగానే ఆపి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నాలుగు నములులు. ఇలా అరగంట. టీ, కాఫీ తాగిన 15 నిమిషాల దాకా వద్దు.

కొబ్బరితోట గారూ, మీ మామ్మల్లో పళ్లు లేనివాళ్లు ఎక్కువ ఉంటారు, వాళ్లకి గమ్ కుదరదు. నోరు తెరుచుకోని కుర్రాళ్లకీ కుదరదు. వాళ్లకి నికోటిన్ ప్యాచ్ అడగండి, మోతాదు డాక్టరు చెప్పాలి. భుజం మీద పొడి చర్మానికి, రోజుకో చోట అంటించాలి. ఈ మధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు డాక్టర్ని అడగకుండా ఏదీ వాడకూడదు.

పొగాకు మానడానికి ఫోనులో సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356 ఉచితం. చీటీ వెనక పెద్ద అక్షరాల్లో అచ్చేయించండి.

పచ్చిమిరప | బుధవారం, ఉదయం 9:45

మామ్మలు చుట్ట మానలేకపోతే కనీసం నిప్పు బయట పెట్టి కాల్చమని చెప్పొచ్చా?

మానుకుందాం | బుధవారం, ఉదయం 10:30

చెప్పొద్దండి. అంగిలి కాలడం తగ్గుతుంది గానీ పొగాకు విషం నోటికీ, గొంతుకీ, ఊపిరితిత్తులకీ పోతూనే ఉంటుంది. "డాక్టరు ఇలా తాగొచ్చన్నారు" అన్న మాట మాత్రం ఊరంతా నిలిచిపోతుంది. మానే తేదీ ఒకటి ఆమె చేతే చెప్పించండి. పండగో, మనవరాలి పెళ్లో, ఏదో ఒకటి. ఆ తేదీ తర్వాత మూడో రోజు ఆశా ఇంటికి వెళ్లాలి.

కీలుబొమ్మ | బుధవారం, మధ్యాహ్నం 3:20

వైద్యం సంగతి కూడా రెండు ముక్కలు ఉండాలి, లేకపోతే "తెలిసి ఏం లాభం" అని ఇంట్లో కూర్చుంటారు.

2 సెంటీమీటర్లలోపు, 5 మిల్లీమీటర్ల లోతు దాటని పుండుని మొదటి దశ అంటాం. చాలాసార్లు ఒక్క ఆపరేషన్‌తో సరిపోతుంది, రేడియేషన్ కూడా అక్కర్లేకపోవచ్చు. అదే పుండు ఎముకలోకి దిగితే పై దవడలో కొంత భాగం తీయాలి. అప్పుడు నోటికీ ముక్కుకీ మధ్య రంధ్రం పడుతుంది, అన్నం ముక్కులోకి వస్తుంది. దాన్ని మూయడానికి అబ్ట్యురేటర్ అని కట్టుడు పళ్ల సెట్టు లాంటిది చేసిస్తారు. దానితో మాట, తిండి చాలావరకు తిరిగి వస్తాయి. అయినా రెండు పరిస్థితుల మధ్య తేడా కొన్ని నెలలే.

మెడలో బిళ్ల కనబడకపోయినా డాక్టరు మెడ ఆపరేషన్ కూడా చెప్తే అనవసరం అనుకోకండి. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రిలో చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. ముందే మెడ గ్రంథులు తీసినవాళ్లలో మూడేళ్లకి 80 శాతం బతికి ఉన్నారు, బిళ్ల వచ్చాక చూద్దాం అని ఆగినవాళ్లలో 67.5 శాతం.

రేడియేషన్ పడేవాళ్లు ముందు పళ్ల డాక్టర్ని చూడాలి. పాడైన పళ్లు రేడియేషన్‌కి కనీసం 10 నుంచి 14 రోజుల ముందే పీకించాలి. తర్వాత పీకితే దవడ ఎముక మానక కుళ్లే ప్రమాదం ఉంది, ఏళ్లు గడిచినా ఉంటుంది.

ఉద్దానం కాబట్టి ప్రత్యేకంగా ఒక మాట. అక్కడ కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలుసు. శిబిరంలో పంటి నొప్పి అన్నవాళ్లందరికీ డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ స్ట్రిప్పులు పంచకండి. పారాసెటమాల్ ఇవ్వండి. పంపే చీటీ మీద క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఎంతో రాస్తే, అక్కడ సీటీ స్కాన్ రంగు మందు ఇచ్చేముందు ఒక రోజు కలిసొస్తుంది.

ఎక్కడికి: ముక్క పరీక్షకి శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్), లేదా డెంటల్ కాలేజీల ఓరల్ మెడిసిన్ విభాగాలు. క్యాన్సర్ అని తేలితే విశాఖ అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి. తెలంగాణ వైపు చదువుతున్నవాళ్లకి హైదరాబాద్ రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. ఆపరేషన్, రేడియేషన్, కీమో ఆరోగ్యశ్రీ కిందకి వస్తాయి, ఆంధ్రలో ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. ఆధార్, రేషన్ కార్డు, బయాప్సీ రిపోర్టు అసలు కాగితం, ఈ మూడూ ఒకే కవరులో పెట్టి చేతికివ్వండి. కాగితం లేక వెనక్కి వచ్చిన మనిషి చాలాసార్లు మళ్లీ వెళ్లడు.

రేకులషెడ్డు | బుధవారం, సాయంత్రం 5:10

ఆ కవరు మాట బంగారం. దానికి ఇంకోటి: పంపేవాళ్లందరికీ ఒకే తేదీ పెట్టి, ఒకే బండిలో, ఆశాతో కలిపి పంపండి. ముగ్గురు మామ్మలు కలిసి వెళ్తే వెళ్తారు, ఒక్కర్తే వెళ్లమంటే వెళ్లదు. మంగళ, బుధవారాలు చూసుకోండి, సోమవారం ఓపీ కిక్కిరిసి ఉంటుంది. ఫోన్ నంబరు మామ్మది కాకుండా, ఇంట్లో ఫోను ఎత్తే మనిషిది రాసుకోండి.

మచ్చ ఫోటో తీసేటప్పుడు అనుమతి అడిగి, ముఖం రాకుండా, స్కేలు పక్కన పెట్టి తీయండి. ఆరు నెలల తర్వాత పెరిగిందా తగ్గిందా అన్నది జ్ఞాపకంతో తేలదు.

కొబ్బరితోట | గురువారం, ఉదయం 6:55

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ చేతులెత్తి దణ్ణం. మార్చినవి ఇవి.

400 మంది అనుకున్నది మానేసి మొదటి విడతలో 100 చీటీలే. ఆశాలు సీబాక్ ఫారాల్లోంచి అడ్డపొగ, ఖైనీ, గుట్కా పేర్లు తీస్తున్నారు, నిన్న సాయంత్రానికి 86 అయ్యాయి. పంచడానికి తెప్పిద్దామనుకున్న నొప్పి మాత్రలు ఆపేశాం. తలలైట్లు మూడు, స్కేళ్లు మూడు ఆర్డరు పెట్టాం. శిబిరం తర్వాత 14వ రోజు కూడా ఆదివారమే, మానని పుండ్లు చూడడానికి పళ్ల డాక్టరు ఆ రోజు కూడా వస్తామన్నారు. ఆ తర్వాతి బుధవారానికి పది సీట్ల బండి మాట్లాడుతున్నాం. వెంటనే పంపాల్సినవాళ్లుంటే శిబిరం అయిన వారంలోనే వేరే బండి.

పుస్తకంలో గడులు: పేరు, ఫోను ఎత్తే మనిషి, రోజుకి ఎన్ని చుట్టలు, నిప్పు లోపలా బయటా, ఎన్నేళ్లు, ఎక్కడ మచ్చ, ఎంత వెడల్పు, నోరు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంది, మెడలో బిళ్ల, పంపాం, వెళ్లారా, ముక్క తీశారా, రిపోర్టు వచ్చిందా. ఇంకేమైనా ఉండాలా?

స్లైడుబల్ల | గురువారం, ఉదయం 8:30

ఒక్కటి. "రిపోర్టు వచ్చిందా" దగ్గర ఆపకండి, రిపోర్టులో ఏముందో రాసే గడి కావాలి. "క్యాన్సర్ కాదు" అని వచ్చినా డిస్‌ప్లేసియా అనే మాట ఉంటే ఆ మనిషికి పని పూర్తి కాలేదు. అది కణాలు దారి తప్పడం మొదలుపెట్టిన దశ. కొద్దిగా ఉందా, మధ్యస్థమా, తీవ్రమా అన్నది కూడా రిపోర్టులో ఉంటుంది. తీవ్రమైతే ఆ మచ్చని తీసేయించాలి, మిగతావాళ్లని 3 నెలలకోసారి చూడాలి. రిపోర్టు మామూలుగా వచ్చి, కంటికి మాత్రం మచ్చ ఇంకా అనుమానంగానే ఉంటే వేరే చోట నుంచి రెండోసారి ముక్క తీయమని అడగండి. మొదటిసారి తప్పు చోట తీసి ఉండొచ్చు.

కొబ్బరితోట | గురువారం, ఉదయం 9:05

గీశానండి. దాని పక్కన "మళ్లీ చూసే తేదీ" అన్న గడి కూడా కలిపాను. పుస్తకం ఏఎన్ఎం గారి దగ్గర సబ్ సెంటర్‌లో ఉంటుంది, శిబిరం పెట్టినవాళ్ల ఇంట్లో కాదు.